మంత్రి కాని ఎమ్మెల్యే ఏం చేయగలడు?

అసెంబ్లీ ఎన్నికల ఫలితాలు వెలువడిన మర్నాటి నుంచి పత్రికల్లోనూ టీ కొట్ల దగ్గరా నడిచే చర్చ ఒక్కటే: మంత్రి పదవి ఎవరికి? ఏ జిల్లాకు ఎన్ని దక్కాయి, ఏ కులానికి ఎన్ని వచ్చాయి, సీనియర్లలో ఎవరు అలిగారు? 2003లో వచ్చిన 91వ రాజ్యాంగ సవరణ ప్రకారం ముఖ్యమంత్రితో కలిపి మంత్రుల సంఖ్య శాసనసభ సభ్యుల్లో 15 శాతం దాటకూడదు. 175 మంది ఉన్న ఆంధ్రప్రదేశ్‌లో అది 26, 119 మంది ఉన్న తెలంగాణలో 18. శాసనమండలి నుంచి ఎవరినైనా మంత్రిగా తీసుకుంటే ఎమ్మెల్యేలకు మిగిలేది ఇంకా తక్కువ. అంటే మన ఓటుతో సభకు వెళ్లేవారిలో ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు 150 మంది, తెలంగాణలో 100 మందికి పైగా మంత్రులు కాకుండానే ఐదేళ్లు గడుపుతారు. వారి జీవితాన్ని మనం ఒక వెలితిగా చూస్తున్నాం. వారు కూడా అలాగే చూసుకుంటున్నారు. ముఖ్యమంత్రి సహాయ నిధి చెక్కు ఇప్పించడం, బదిలీకి సిఫార్సు చేయడం, తిరుమల దర్శనానికి లేఖ రాసివ్వడం, శంకుస్థాపన ఫలకం మీద పేరు వేయించుకోవడం, ఇదే ఎమ్మెల్యే పని అన్న అభిప్రాయం ఊరూరా స్థిరపడిపోయింది. ఈ అభిప్రాయం తప్పని, శాసనసభ్యుడిగా ఉండి చేసే పనికి మంత్రి చేసే పని కంటే ఎక్కువ ఆయుష్షు ఉండగలదని నా వాదన. ఇందుకు అన్నిటికంటే బలమైన సాక్ష్యం మన పొరుగున మహారాష్ట్రలో ఉంది. అక్కడ మొదలైన ఒక చట్టం మూడు దశాబ్దాల తర్వాత శ్రీకాకుళం నుంచి ఆదిలాబాద్ దాకా ప్రతి పల్లెకూ చేరింది. మన కూలీలు ‘వంద రోజుల పని’ అని పిలుచుకున్న ఉపాధి హామీ మూలం అదే.

విఠల్ సఖారాం పాగే పేరు తెలుగు పాఠకుల్లో కొద్దిమందికే తెలిసి ఉంటుంది. సాంగ్లీ జిల్లాకు చెందిన కాంగ్రెస్ నాయకుడు, స్వాతంత్య్రోద్యమంలో పనిచేసినవారు. 1960లో మహారాష్ట్ర రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి 1978 వరకు ఆ రాష్ట్ర శాసనమండలి చైర్మన్‌గా ఉన్నారు. ఆ పదవికి గౌరవం ఉంది కానీ పరిపాలనాధికారం లేదు. చైర్మన్ ఒక్క రూపాయి మంజూరు చేయలేరు, ఒక్క అధికారిని బదిలీ చేయలేరు. అలాంటి స్థానంలో కూర్చున్న మనిషి గ్రామీణ కూలీల ఖాళీ నెలల గురించి ఆలోచించారు. వర్షాధార పంటల ప్రాంతంలో నాలుగైదు నెలలకు మించి పని దొరకదు. మిగతా కాలంలో పస్తులు, లేకపోతే వలస. పని చేస్తామని ముందుకొచ్చేవారికి పని చూపించడం ప్రభుత్వ బాధ్యతగా ఎందుకు ఉండకూడదని ఆయన ప్రశ్న. రాజ్యాంగంలోని 41వ అధికరణం పని హక్కు గురించి మాట్లాడుతుంది, కానీ అది ఆదేశిక సూత్రం మాత్రమే, దాన్ని పట్టుకుని ఎవరూ కోర్టుకు వెళ్లలేరు. 1965లో ఆయన ఈ ఆలోచనను నాటి ముఖ్యమంత్రి వసంతరావు నాయక్‌కు లేఖగా రాశారు. 1969లో సాంగ్లీ జిల్లా తాస్‌గావ్ తాలూకాలోని కొన్ని గ్రామాల్లో దాన్ని ప్రయోగాత్మకంగా మొదలుపెట్టారు. 1972లో రాష్ట్రమంతటికీ పథకంగా ప్రకటించారు.

అదే సమయానికి మహారాష్ట్రను భయంకరమైన కరువు పట్టింది. 1970 నుంచి వరుసగా వానలు మొహం చాటేశాయి. 1973 వేసవి నాటికి కరువు పనుల్లో రోజూ దాదాపు 50 లక్షల మంది రాళ్లు కొట్టారు, మట్టి మోశారు. అప్పటి రాష్ట్ర జనాభా సుమారు ఐదు కోట్లు, అంటే ప్రతి పదిమందిలో ఒకరు. పని చాలని చోట, కూలి సకాలంలో అందని చోట రైతు కూలీ పార్టీ (మరాఠీలో ‘శేత్కరీ కామ్‌గార్ పక్ష’), సోషలిస్టులు, కమ్యూనిస్టులు కూలీలను కూడగట్టి ఆందోళనలు చేశారు. సభ బయట జరిగిన ఈ ఒత్తిడి లేకుండా లోపలి చట్టం వచ్చేదని నేను అనను. అయితే కరువు పనులు మన దేశంలో బ్రిటిష్ కాలం నుంచి ఉన్నాయి, మన రాయలసీమకు అవి తెలియనివి కావు. వాన పడగానే ఆ పనులు ఆగిపోతాయి, మళ్లీ కరువు వచ్చేదాకా ఎవరికీ గుర్తుండవు. మహారాష్ట్రలో మాత్రం వాన పడ్డాక కూడా ఆగలేదు. ఆగకపోవడానికి కారణం శాసనసభ, శాసనమండలి.

1975లో మహారాష్ట్ర చట్టసభలు వృత్తి పన్ను చట్టం చేశాయి. జీతగాళ్లు, వ్యాపారులు, వృత్తి నిపుణుల నుంచి వసూలయ్యే ఆ పన్నును ఉపాధి హామీ కోసమే కేటాయించారు. దానికి ప్రభుత్వం తన వంతు కలపాలి. బొంబాయి ఆఫీసు ఉద్యోగి జీతంలో కోసిన కొద్ది మొత్తం మరాఠ్వాడా కూలీ చేతికి వెళ్లే ఏర్పాటు అది. (మన జీతాల చీటీల్లోనూ వృత్తి పన్ను కనిపిస్తుంది, దాని కోత ఎటు పోతుందని మాత్రం ఎవరూ అడగరు.) 1977లో ఉపాధి హామీ బిల్లును ఉభయ సభలూ ఏకగ్రీవంగా ఆమోదించాయి. 1979 జనవరి 26న అది అమల్లోకి వచ్చింది. గ్రామీణ ప్రాంతంలోని ఏ వయోజనుడైనా శారీరక శ్రమకు సిద్ధపడి దరఖాస్తు పెడితే 15 రోజుల్లో పని చూపించాలి, చూపించలేకపోతే నిరుద్యోగ భృతి ఇవ్వాలి. ఆ భృతి రోజుకు ఒక రూపాయే కావచ్చు. కానీ ఇవ్వకపోతే ప్రభుత్వం చట్టాన్ని ఉల్లంఘించినట్టే. 1972 నాటి పథకానికీ 1977 నాటి చట్టానికీ ఉన్న తేడా ఇక్కడే ఉంది. పథకాన్ని ముఖ్యమంత్రి ప్రకటించగలడు, తర్వాత వచ్చినవాడు పేరు మార్చగలడు, ఆర్థిక శాఖ నిధులు ఆపేసి చంపేయగలదు. చట్టాన్ని తీసేయాలంటే మళ్లీ సభకే రావాలి, అందరి ముందూ ఓటు వేయాలి. ఆ పదేళ్లలో మహారాష్ట్రలో ముఖ్యమంత్రులు మారారు, కాంగ్రెస్ చీలింది, కొత్త కూటమి అధికారంలోకి వచ్చింది. చట్టం మాత్రం నిలిచింది. ఒక మంత్రి తన శాఖలో ఎంత గొప్పగా పనిచేసినా అతని ఉత్తర్వు అతని తర్వాత బతుకుతుందన్న భరోసా లేదు. ఆ భరోసా ఇచ్చేది శాసనసభ్యుల ఓటు మాత్రమే.

పాగే చైర్మన్ కదా, ఆయన మాటకు ముఖ్యమంత్రి దగ్గర విలువ ఉండి ఉంటుంది, మామూలు ప్రతిపక్ష ఎమ్మెల్యేతో ఆయనను పోల్చగలమా అని ఎవరైనా అడగవచ్చు. న్యాయమైన ప్రశ్న. అందుకే గణపతరావు దేశ్‌ముఖ్ గురించి చెప్పాలి. సోలాపూర్ జిల్లా సాంగోలా నియోజకవర్గం నుంచి 1962లో తొలిసారి గెలిచిన ఆయన 2014 నాటికి పదకొండుసార్లు శాసనసభకు ఎన్నికయ్యారు. 1972లో ఓడిపోయి 1974 ఉప ఎన్నికలో తిరిగి వచ్చారు, 1995లో మళ్లీ ఓడారు. అన్నిసార్లూ పోటీ చేసింది ఒకే పార్టీ నుంచి, ఆ చిన్న రైతు కూలీ పార్టీ నుంచే. 1978లో శరద్ పవార్ ప్రభుత్వంలోనూ, 1999లో ఏర్పడిన విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ ప్రభుత్వంలోనూ కొద్దికాలం మంత్రిగా ఉన్నారు. అర్ధ శతాబ్దం దాటిన సభా జీవితంలో మిగిలినదంతా ప్రతిపక్ష బెంచీల మీదే గడిచింది. ఆర్టీసీ బస్సులో తిరిగే ఎమ్మెల్యేగా ఆయనకు పేరుంది. 2021 జూలైలో 94 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

సాంగోలా వర్షఛాయలో ఉన్న తాలూకా. పడమటి కనుమలు మేఘాలను ఆపేశాక మిగిలిన చినుకులే దానికి దిక్కు. అక్కడి ఎమ్మెల్యేకు నీటి కంటే పెద్ద అంశం ఉండదు. 1993 నుంచి ఆట్‌పాడీ కేంద్రంగా ఉద్యమ నాయకులు నాగనాథ్ నాయక్‌వాడీ, భరత్ పాటణ్‌కర్‌లతో గణపతరావు దేశ్‌ముఖ్ కలిసి పదమూడు కరువు తాలూకాల రైతులతో నీటి పోరాటం నడిపారు. కాలువ కింద చెరకు వేసేవాడికి ఎంత హక్కు ఉందో, ఎత్తున ఉన్న మెట్ట రైతుకూ అంతే హక్కు ఉందని, నీటిని కుటుంబాల వారీగా సమంగా పంచాలని వారి డిమాండ్. కృష్ణా నీటిని ఎత్తిపోసే టెంభూ పథకం ముందుకు కదలడంలో ఆ ఉద్యమానికి పెద్ద పాత్ర ఉంది. ఎగువన అలా తోడుకుంటే దిగువన నాగార్జునసాగర్‌కు ఏం మిగులుతుందని తెలుగు పాఠకుడికి అనిపించడం సహజం, ఆ తగవు ట్రిబ్యునళ్ల ముందు ఉంది. ఇక్కడ గమనించాల్సింది పని తీరు. ఆ ఎమ్మెల్యే తన ఊరికి ఒక కాలువ మంజూరు చేయించుకుని ఊరుకోలేదు. నీటి పంపిణీకి ఒక సూత్రాన్ని ప్రతిపాదించి, పదమూడు తాలూకాలను దాని వెనక నిలబెట్టి, సభలో ఏళ్ల తరబడి అదే ప్రశ్న అడిగారు. ఉపాధి హామీ చట్టం కూడా ఆ తాలూకాకు ఒక వింత మేలు చేసింది. 1990 నుంచి ఆ పథకం కింద చిన్న రైతుల సొంత పొలాల్లో పండ్ల తోటలు నాటేందుకు సాయం అందింది. ఇప్పుడు సాంగోలా దానిమ్మకు పేరున్న ప్రాంతం.

గణపతరావును పదకొండుసార్లు గెలిపించింది చట్టాలు కాదు, నియోజకవర్గంలో ఆయన కట్టిన సహకార నూలు మిల్లూ, మనుషుల మంచిచెడ్డలకు హాజరు కావడమూనని వాదించేవారున్నారు. ఆ వాదనలో నిజం ఉంది. ఓటరు సభా కార్యకలాపాల రికార్డులు చదివి ఓటు వేయడు. ఇంకో నిజం కూడా దాచకూడదు: 2024లో సాంగోలా నుంచి గెలిచింది ఆయన మనవడే. వారసత్వం అంటని రాజకీయ జీవితమని ఆయనది చూపించలేం. కానీ నేను నిరూపించదలచింది ఆయన గెలుపు రహస్యం కాదు. నియోజకవర్గం పని, సభ పని ఒకదానికొకటి అడ్డం కావని ఆయన జీవితం చూపిస్తుంది. కష్టం చెప్పుకోవడానికి వచ్చిన వందమందిలో ఎనభై మందిది ఒకే కష్టం అయితే, ఆ ఎనభై మందికీ విడివిడిగా లేఖలు రాసివ్వవచ్చు, లేదా ఆ కష్టానికి కారణమైన నియమాన్ని మార్చమని సభలో అడగవచ్చు. మొదటి దారిలో మేలు పొందినవాడు ఎమ్మెల్యేకు రుణపడతాడు. రెండో దారిలో ఎవరూ ఎవరికీ రుణపడరు. రాజకీయ నాయకుడికి మొదటి దారి ఎందుకు తీపిగా ఉంటుందో చెప్పనక్కర్లేదు. జనం తరఫున ఆలోచిస్తే రెండోదే మేలు.

తెలుగు నేల మీద ఈ సంప్రదాయం లేదనుకుంటే పొరపాటు. సత్తెనపల్లి నుంచి 1952 మొదలు వరుసగా నాలుగుసార్లు గెలిచిన వావిలాల గోపాలకృష్ణయ్య మంత్రి కాలేదు. పాలన తెలుగులో సాగాలని పట్టుబట్టిన ఆ మనిషి తర్వాత అధికార భాషా సంఘానికి తొలి అధ్యక్షుడయ్యారు. ఇల్లందు నుంచి ఐదుసార్లు గెలిచిన గుమ్మడి నర్సయ్య ఎప్పుడూ అధికార పక్షంలో లేరు. ఆదివాసీల పోడు భూముల సమస్య సభ మరచిపోకుండా చూడటానికే ఆయన సభా జీవితమంతా ఖర్చయింది. 1967లో, 1972లో ఎల్లారెడ్డి నుంచి రిపబ్లికన్ పార్టీ తరఫున వచ్చిన ఈశ్వరీబాయి ఎంత చిన్న పార్టీ నుంచి ఎంత గట్టి గొంతు వినిపించవచ్చో చూపించారు. 1978 సభలో జైపాల్‌రెడ్డి, వెంకయ్యనాయుడు ప్రతిపక్షంలో కూర్చుని చేసిన ప్రసంగాలను పాతతరం పాత్రికేయులు ఇప్పటికీ తలచుకుంటారు. ఇక రాష్ట్ర శాసనసభ చేసే చట్టానికి ఉన్న శక్తి ఎంతటిదో తెలియాలంటే ఆడపిల్లల ఆస్తి హక్కు ఒక్కటి చాలు. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమాన హక్కు ఇస్తూ ఆంధ్రప్రదేశ్ శాసనసభ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించింది. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ బాట పట్టాయి. పార్లమెంటు దేశమంతటికీ ఆ హక్కు ఇచ్చింది 2005లో. హైదరాబాద్‌లో జరిగిన ఒక ఓటు ఢిల్లీ కంటే 20 ఏళ్లు ముందు నడిచింది.

మరి ఇప్పుడు అలాంటి సభా జీవితాలు ఎందుకు అరుదయ్యాయి? మనుషులు చెడిపోయారనే మాట నాకు సమాధానంగా తోచదు. పని జరగాల్సిన చోటే కుంచించుకుపోయింది. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి విరామం ఉండకూడదని మాత్రమే రాజ్యాంగం 174వ అధికరణంలో చెప్పింది, ఏడాదికి ఎన్ని రోజులు కూర్చోవాలో చెప్పలేదు. రాజ్యాంగం పనితీరును సమీక్షించిన జస్టిస్ వెంకటాచలయ్య కమిషన్ 2002లో పెద్ద రాష్ట్రాల సభలు కనీసం 90 రోజులు కూర్చోవాలని సిఫార్సు చేసింది. పీఆర్‌ఎస్ లెజిస్లేటివ్ రీసెర్చ్ సంస్థ లెక్కల ప్రకారం ఇటీవలి ఏళ్లలో రాష్ట్రాల సగటు 20, 25 రోజుల మధ్యే ఉంటోంది. ప్రవేశపెట్టిన రోజునో మర్నాడో ఆమోదం పొందుతున్న బిల్లులు దాదాపు సగం. ఉదయం చేతికిచ్చిన బిల్లు మధ్యాహ్నానికి చట్టమైతే, దాన్ని చదివి సవరణ ప్రతిపాదించే సభ్యుడికి అక్కడ చోటెక్కడిది?

ఇలాంటి తొందరకు మూల్యం ఎవరు చెల్లిస్తారో ఆంధ్రప్రదేశ్ భూ యాజమాన్య హక్కు చట్టం, అంటే అందరి నోటా నలిగిన ల్యాండ్ టైట్లింగ్ చట్టం చూపించింది. రైతు పట్టా మీద, సివిల్ కోర్టుల అధికారం మీద నేరుగా ప్రభావం చూపే చట్టం అది. 2023 అక్టోబరులో అమల్లోకి వచ్చింది. న్యాయవాదులు కోర్టులు బహిష్కరించి ఆందోళన చేశారు. 2024 ఎన్నికల్లో పల్లెపల్లెనా అదే చర్చ. కొత్త ప్రభుత్వం రాగానే, అదే ఏడాది జూలైలో సభ దాన్ని రద్దు చేసింది. ఆ చట్టం మంచిదా చెడ్డదా అన్నది వేరే విషయం. దాని మీద జరగాల్సిన వాదోపవాదాలు, గ్రామాల్లో వినాల్సిన సాక్ష్యాలు, మార్చాల్సిన సెక్షన్లు బిల్లు దశలోనే సభా కమిటీ ముందుకు వచ్చి ఉంటే రైతులు అంత భయపడాల్సి వచ్చేది కాదు. ప్రతిపక్షం వైపు నుంచి కూడా లోటు ఉంది. 2017 నవంబరులో వైఎస్సార్ కాంగ్రెస్ సభను బహిష్కరించింది. 2021 నవంబరులో చంద్రబాబు నాయుడు ముఖ్యమంత్రిగా తప్ప సభలో అడుగుపెట్టనని వెళ్లిపోయారు. 2024 తర్వాత 11 మంది సభ్యులున్న వైఎస్సార్ కాంగ్రెస్ ప్రతిపక్ష హోదా కోరుతూ మళ్లీ సభకు దూరమైంది. ఒక్కొక్కరికీ ఒక్కో కారణం ఉంది, కొన్ని కారణాలు బాధాకరమైనవే. కానీ ప్రశ్నించాల్సినవాళ్లు గైర్హాజరైన ప్రతి రోజూ ప్రభుత్వానికి సుఖమైన రోజే.

అందరూ చెప్పే పెద్ద అభ్యంతరం విప్. 1985లో 52వ సవరణతో వచ్చిన పార్టీ ఫిరాయింపుల నిరోధక చట్టం ప్రకారం పార్టీ విప్‌కు వ్యతిరేకంగా ఓటు వేసిన సభ్యుడు పదవి పోగొట్టుకుంటాడు. కాబట్టి ఎమ్మెల్యే చేయి ఎత్తడం తప్ప ఏం చేయగలడని అడుగుతారు. ఫిరాయింపులను ఆ చట్టం నిజంగా ఆపి ఉంటే ఈ త్యాగానికి ఒక అర్థం ఉండేది. 2014 సభలో వైఎస్సార్ కాంగ్రెస్ నుంచి గెలిచిన 23 మంది తెలుగుదేశంలోకి వెళ్లారు, వారిలో నలుగురు 2017లో మంత్రులయ్యారు. తెలంగాణలో 2019 జూన్‌లో 18 మంది కాంగ్రెస్ సభ్యుల్లో 12 మంది అధికార పక్షంలో విలీనమయ్యారు. 2023 తర్వాత బీఆర్‌ఎస్ నుంచి వెళ్లిన పదిమంది విషయంలో మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలైలో సుప్రీంకోర్టు స్పీకర్‌ను ఆదేశించాల్సి వచ్చింది. పార్టీ మారేవారిని ఆపలేని చట్టం, పార్టీలోనే ఉండి ఒక బిల్లు మీద వేరే మాట చెప్పాలనుకునేవారి నోరు మాత్రం కట్టేసింది. విప్ పరిధిని విశ్వాస పరీక్షకు, ప్రభుత్వ మనుగడకు సంబంధించిన ఓట్లకు పరిమితం చేయాలన్న ఆలోచన 1992లో సుప్రీంకోర్టు ఇచ్చిన కిహోటో హోలోహన్ తీర్పులోనే ఉంది. అందుకు చట్టాన్ని సవరించాల్సింది పార్లమెంటు. అప్పటిదాకా ఎమ్మెల్యే చేతులు కట్టుకోవాలా? విప్ కట్టేది ఓటును. ప్రశ్నను కట్టదు. ప్రశ్నోత్తరాల సమయంలో మంత్రిని నిలదీయడానికి, జీరో అవర్‌లో మాట్లాడటానికి, సవరణ ప్రతిపాదించడానికి, ప్రజా పద్దుల సంఘంలో కాగ్ నివేదిక ముందు పెట్టుకుని కార్యదర్శులను విచారించడానికి, మంత్రి సభలో ఇచ్చిన హామీ ఏమైందని హామీల అమలు కమిటీలో అడగడానికి పార్టీ అనుమతి పత్రం అక్కర్లేదు. అధికార పక్ష సభ్యుడికి ఇది ఇబ్బందికరమే. అసాధ్యం మాత్రం కాదు. పాగే కూడా అధికార పక్షం మనిషే.

డబ్బు గురించిన అభ్యంతరం ఇంతకంటే బరువైనది. అసెంబ్లీ అభ్యర్థి ఖర్చుకు ఎన్నికల సంఘం పెట్టిన పరిమితి పెద్ద రాష్ట్రాల్లో 40 లక్షల రూపాయలు. అసలు ఖర్చు దానికి ఎన్ని రెట్లో ప్రతి నియోజకవర్గంలోనూ అందరికీ తెలుసు. కోట్లు పెట్టి గెలిచినవాడికి ప్రజా పద్దుల సంఘంలో కూర్చుని కాంట్రాక్టుల లెక్కలు తిరగేసే ఆసక్తి ఎందుకుంటుంది? కొన్నిసార్లు ఆ కాంట్రాక్టు అతనిదో, అతని బంధువుదో అయి ఉంటుంది. ఈ ప్రశ్నకు నా దగ్గర తేలికైన జవాబు లేదు. బస్సులో తిరిగిన గణపతరావునో, సైకిల్ మీద తిరిగిన నర్సయ్యనో చూపించి మిగతావారిని అలా ఉండమంటే సరిపోదు. వాళ్ల వెనక క్రమశిక్షణ గల పార్టీ ఉంది, ఉద్యమం ఉంది, ఖర్చు లేకుండా ప్రచారం చేసే కార్యకర్తలున్నారు. అలాంటి పునాది లేని చోట ఒక్కో మనిషి నిజాయితీ మీద ఆశ పెట్టుకోవడం వృథా. కానీ ఆ వాదనను చివరిదాకా లాగి, ఎలాగూ వ్యాపారులే కదా, సభ నడిచినా నడవకపోయినా ఒకటే అని తేల్చేస్తే, వారికి కావలసిన వెసులుబాటు మనమే ఇచ్చినట్టవుతుంది. లెక్కలు అడిగే రోజులు ఏడాదికి 20 నుంచి 90కి పెరిగితే, డబ్బుతో వచ్చినవాడు సైతం కనీసం పొరుగు పార్టీ వాడి లెక్క అడుగుతాడు.

చట్టం చేయగానే పని పూర్తి కాదని కూడా మహారాష్ట్ర అనుభవమే చెబుతుంది. 1990లకు వచ్చేసరికి అక్కడ ఉపాధి హామీ మీద ఖర్చు చతికిలబడింది. వృత్తి పన్ను వసూలవుతూనే ఉంది, కూలీల కోసమని తీసుకున్న ఆ సొమ్ములో పెద్ద భాగం ఖర్చు కాకుండా మిగిలి ప్రభుత్వ ఇతర అవసరాల్లో కలిసిపోయింది. దాన్ని పట్టుకుని అడగడానికి అక్కడి చట్టసభల్లో ఉపాధి హామీకి ప్రత్యేకంగా ఒక కమిటీ ఉండబట్టి కనీసం ప్రశ్న బతికింది. 2005లో పార్లమెంటు జాతీయ ఉపాధి హామీ చట్టం చేసినప్పుడు మహారాష్ట్ర నమూనానే ముందు పెట్టుకుంది. 2006 ఫిబ్రవరి 2న ఆ పథకం ప్రారంభమైంది అనంతపురం జిల్లా బండ్లపల్లిలో. చేసిన పనుల లెక్కలను గ్రామసభలో చదివి వినిపించే సామాజిక తనిఖీ విషయంలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ దేశానికి దారి చూపింది.

ఇప్పుడు ఆ చట్టం మరో మలుపు దగ్గర ఉంది. 2025 డిసెంబరులో పార్లమెంటు పాత చట్టం స్థానంలో కొత్తది తెచ్చింది. పని దినాలను 125కు పెంచింది, అదే సమయంలో ఖర్చులో 40 శాతం చాలా రాష్ట్రాల మీద పెట్టింది. పాత చట్టంలో కూలీల వేతనం మొత్తం కేంద్రానిదే. వ్యవసాయ పనుల కాలంలో 60 రోజుల వరకు పనులు ఆపే వీలు కూడా కొత్త చట్టంలో ఉంది. ఆ బిల్లు లోక్‌సభలో ప్రవేశపెట్టిన రెండు రోజులకే ఆమోదం పొందింది. దీని మంచిచెడుల మీద భిన్నాభిప్రాయాలున్నాయి. ఒక్క సంగతి మాత్రం వాదనకు అతీతం: కూలీ డబ్బులో రాష్ట్రం వంతు ఎంతో, అది సమయానికి వస్తుందో లేదో తేలేది ఇకమీదట అమరావతిలోనూ హైదరాబాద్‌లోనూ జరిగే బడ్జెట్ సమావేశాల్లో. గ్రామీణాభివృద్ధి పద్దు చర్చకు వచ్చినప్పుడు ఎమ్మెల్యే అడగాల్సిన ప్రశ్నలు స్పష్టంగానే ఉన్నాయి. మన 40 శాతం ఎంత, ఏ పద్దు కింద పెట్టారు? ఖజానాలో డబ్బు లేకపోతే ముందు ఆగేది కూలీ డబ్బా, కాంట్రాక్టర్ బిల్లా? పనులు ఆపే 60 రోజులను ఏ జిల్లాకు ఎప్పుడు నిర్ణయిస్తారు, పాలమూరు వలస కూలీకి, కోనసీమ వరి కూలీకి ఒకే తేదీలా?

ఆ ప్రశ్నలకు సభలో పది నిమిషాలు చాలవు. పద్దుల మీద చర్చ ముగిసేలోగా సమయం అయిపోతే మిగిలిన పద్దులన్నిటినీ ఒకేసారి ఓటుకు పెట్టి ఆమోదించే ఆచారాన్ని గిలటిన్ అంటారు, ఏటా వేల కోట్ల రూపాయలు అలాగే చర్చ లేకుండా దాటిపోతాయి. కేరళ 1980లో దీనికి ఒక మార్గం కనిపెట్టింది. శాఖలను విషయాల వారీగా విడదీసి సబ్జెక్టు కమిటీలు వేసింది. సభ్యులు ఏదో ఒక కమిటీలో పనిచేస్తారు. బిల్లులు మామూలుగా ఆ కమిటీలకు వెళ్తాయి, శాఖల పద్దులను కూడా ఓటింగుకు ముందు అవే పరిశీలిస్తాయి. మంత్రి కాని ఎమ్మెల్యేకు అక్కడ ఒక శాఖ లోతుపాతులు నేర్చుకునే అవకాశం దొరుకుతుంది, టీవీ కెమెరాలు లేని గదిలో పార్టీ గీతలు కాస్త పలచబడతాయి. దేశంలో ఎక్కువ రోజులు కూర్చునే సభల్లో కేరళది ఒకటి కావడం దీనికి సంబంధం లేని విషయం కాదు. మన రెండు సభలూ ఇలాంటి కమిటీలు వేసుకోవాలంటే రాజ్యాంగ సవరణ అక్కర్లేదు, కేంద్రం అనుమతి అక్కర్లేదు, కొత్త ఖర్చు కూడా పెద్దగా లేదు. 208వ అధికరణం ప్రకారం సభ తన నియమాలను తానే రాసుకుంటుంది. ఆ నియమావళిని మార్చమని నోటీసు ఇవ్వడానికి మంత్రి కావాల్సిన పని లేదు.